వీరు పలకట్లేదండి

పోయిన మంగళవారం ఎదురింటి పిన్నిగారు మా గేటు దగ్గర నిలబడి, “అమ్మా, మా ఇంట్లో వైఫై రెండ్రోజుల్నించీ పలకట్లేదు. ఓసారి వచ్చి చూస్తావా?” అన్నారు. రానని ఎలా అంటాను? కానీ ‘పలకట్లేదు’ అన్న మాట చెవిన పడగానే నాకు ఒళ్ళు మండింది. ఆ మాట ఆవిడది కాదు, వాళ్ళాయనది. ఆయన పోయి పది నెలలైంది. మాట మాత్రం ఆ ఇంట్లో ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆయన మీద నాకు కోపం. పోయిన మనిషి మీద కోపమేమిటని అడక్కండి. ఉంది, అంతే. ఎందుకో చెప్పాలంటే ముందు ఆయన సంగతి చెప్పాలి, నా సంగతీ చెప్పాలి.

మాది నరసరావుపేట. పెళ్ళై అమలాపురం వచ్చి పన్నెండేళ్ళయింది. మా వైపు అవునంటే అవును, కాదంటే కాదు. నచ్చకపోతే నచ్చలేదని మొహం మీదే అంటాం, మర్నాడు మళ్ళీ కలిసి టీ తాగుతాం. ఇక్కడ అలా కాదు. ఏం చెప్పినా అవునవునన్నట్టు ‘ఆయ్’. కూరలో ఉప్పెక్కువైందా అంటే ఆయ్, బావుందా అన్నా ఆయ్. ప్లంబరు రేపొస్తారా అంటే ఆయ్, ఎల్లుండొస్తారా అన్నా ఆయ్. వచ్చిన కొత్తలో నిజమేననుకుని నీళ్ళు లేకుండా కూర్చున్న రోజులున్నాయి. ఏమైనా సరే ఆ మాట మాత్రం నా నోట రానివ్వకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. పన్నెండేళ్ళు నిలబెట్టుకున్నాను కూడా.

ఎదురింటాయన ఆ మాటకి పుట్టిల్లు. టెలిఫోన్ శాఖలో లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. సన్నటి మనిషి, తెల్ల పొట్టిచేతుల చొక్కా, జేబులో పెన్ను పక్కన టెస్టర్. ఆదివారం చర్చికి కూడా ఆ టెస్టర్ పెట్టుకునే వెళ్ళేవారు. “దేవుడి దగ్గర కరెంటు చూస్తారా బాబాయిగారూ?” అని నేను ఏడిపిస్తే, “ఆయ్, అక్కడా మైకు ఉంటుంది కదండీ” అనేవారు. నిజంగానే నెలకోసారి పాస్టరుగారి మైకు ఆయనే బాగు చేసేవారట.

ఇంట్లోకి వస్తే చెప్పులు గేటు దగ్గరే విడిచేవారు, కుర్చీ అంచున కూర్చునేవారు, టీ సాసర్లో పోసుకుని తాగేవారు. మిషన్లని కూడా మీరు అనేవారు. “రౌటర్‌గారు బాగానే ఉన్నారండి. ఈ ఫోనుగారే పలకట్లేదు.” దేన్నైనా ఆపే ముందు దానికి చెప్పేవారు: “ఓ నిమిషం ఆపుతానండి.” మొదట్లో నాతో అంటున్నారేమోనని నేను జవాబు చెప్పేదాన్ని.

పనికి ఆయనకో పద్ధతి ఉండేది. ఏ పరికరాన్నైనా ముట్టుకునే ముందు జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీసి, ఉన్నది ఉన్నట్టు రాసుకునేవారు. ఏ లైటు వెలుగుతోంది, ఏది ఆరింది, తెర మీద ఏం రాసుంది, గంటా నిమిషాలతో సహా. టెలిఫోన్ శాఖలో అలా రాయించేవారట. పేజీకి నాలుగు గడులు: ఫిర్యాదు, చూసినది, చేసినది, తప్పు. ఆ చివరి గడిలో ‘జాయింటు తుప్పు’ అనో, ‘ఎలుక’ అనో, ‘గాలివాన’ అనో ఉండేది. “రాయకుండా ముట్టుకుంటే, మనం చెడగొట్టిందేదో వారు చెడగొట్టుకున్నదేదో తెలియదండీ” అనేవారు. వీధిలో నెట్ పోతే అందరూ కంపెనీకి ఫోను చేసేలోపే ఆయన పుస్తకం తెరిచేసేవారు.

ఇదంతా వింటే ఎంత మంచాయనో అనిపిస్తుంది. నాకూ అలాగే అనిపించేది, నా వైవా వారం వచ్చేదాకా.

నేను ఇక్కడి డిగ్రీ కాలేజీలో బోటనీ చెప్తాను. అప్పటికింకా పర్మనెంటు కాదు. కొబ్బరితోటల కింద మొలిచే కలుపు మొక్కల మీద ఎనిమిదేళ్ళు పి.హెచ్.డి. చేశాను. పి.గన్నవరం నుంచి ఓడలరేవు దాకా నేను వంగి చూడని తోట లేదు. చివరికి మూడేళ్ళ కిందట ఒక గురువారం పదకొండు గంటలకి ఆన్‌లైన్ వైవా పెట్టారు. మా గైడుగారు ఆ నెలాఖరుకే రిటైరవుతున్నారు. అది తప్పితే కొత్త గైడు, కొత్త తేదీ, మళ్ళీ మొదటికి. పర్మనెంటు పోస్టుకి ఇంటర్వ్యూ పై నెలలో ఉంది, దానికి డాక్టరేటు తప్పనిసరి. ఎనిమిదేళ్ళూ ఆ ఒక్క గంటన్నర మీద వేలాడుతున్నాయి.

సోమవారం పొద్దున ల్యాప్‌టాప్ తెరిస్తే అది నాది కాదు. కింద మూలన ఉండాల్సిన బొమ్మలన్నీ మధ్యకి వచ్చి కూర్చున్నాయి. రంగులు మారిపోయాయి. ‘కొత్త వ్యవస్థకి స్వాగతం’ అంటోంది. స్వాగతం ఎవడడిగాడు? ఫైళ్ళున్నాయి, అది అదృష్టం. కానీ వైఫై గుర్తు ఉండాల్సిన చోట గుర్తే లేదు. ఆపితే లేదు, వేస్తే లేదు. నా ఫోనుకి వస్తోంది, టీవీకి వస్తోంది, దీనికి మాత్రం వైఫై అనేదొకటి లోకంలో ఉందనే తెలియనట్టుంది.

ఎదురింటికి పరిగెత్తాను. ఆయన వచ్చారు, చెప్పులు విడిచారు, కుర్చీ అంచున కూర్చున్నారు, పుస్తకం తీశారు. నేను బల్ల చుట్టూ తిరుగుతుంటే ఆయన తెర మీదున్న ప్రతి అక్షరం పైకి చదువుతూ రాసుకుంటున్నారు. ఎక్కడెక్కడికో వెళ్ళి ఏవేవో జాబితాలు తెరిచి అవీ చదివారు. పావుగంట.

“బాబాయిగారూ, రాతలు తర్వాత. దాన్ని బాగు చెయ్యండి ముందు!”

“ఆయ్, చేసేద్దామండి. కొత్తగా వచ్చిన ఆఫీసరుగారికి పాత స్టాఫు పేర్లు తెలియవు చూడండి, అలా ఉందండీ సంగతి. పైన వ్యవస్థగారు కొత్తవారు. లోపల వైఫై ముక్క పాతది. వారికి పిలవడం రాట్లేదు, వీరు పలకట్లేదండి.”

అప్పుడు నాకు శనివారం సాయంత్రం గుర్తొచ్చింది. ఆయన పెన్షన్ స్లిప్పు తీసుకోవాలని వచ్చి, నా ల్యాప్‌టాప్ ముందు అరగంట కూర్చున్నారు. మధ్యలో “ఏదో అడుగుతున్నారండి” అని కేకేశారు. నేను వంటింట్లోంచి “మూసెయ్యండి” అన్నాను. మూసేశారో, ‘ఆయ్’ అనేశారో! ఎవరేమడిగినా కాదనలేని మనిషి, తెర మీద అంత మర్యాదగా అడిగితే కాదంటారా?

“శనివారం మీరే ఏదో నొక్కారు కదా?” అన్నాను. అడగడం కాదు, అనేశాను.

ఆయన రాస్తున్న పెన్ను ఆపారు. పుస్తకం వంక ఓసారి చూసుకున్నారు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

“ఆయ్. నొక్కేనేమోనండి” అన్నారు.

ఇక నన్ను పట్టే వాళ్ళు లేరు. పెద్దాయనని చూడకుండా నోటికొచ్చినట్టు అన్నాను. తెలియకపోతే ముట్టుకోకూడదన్నాను. మీ ఆయ్‌లూ మీరూ అన్నాను. ఆయన తల వంచుకుని, “ఒక దారి ఉందండి. పది రోజుల్లోపయితే పాత వ్యవస్థకి వెనక్కి పంపుతామని ఇక్కడ రాసుందండి. నొక్కమంటారా?” అన్నారు.

“వద్దు! మీరు నొక్కింది చాలు. ఇంకొక్కటి నొక్కితే నా స్లైడ్లు కూడా పోతాయి.”

“ఆయ్” అన్నారు, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ దారి నేనే మూశానన్నమాట.

మంగళవారం నెట్ కంపెనీ కస్టమర్ కేర్. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి ఆయన మా వరండాలో ఫోను స్పీకర్లో పెట్టుకుని కూర్చున్నారు. అవతల ఒకమ్మాయి కాగితం చూసి చదువుతున్నట్టు చెబుతోంది. ఒకసారి ఆపి వెయ్యండి సార్. ఆయ్. ఇప్పుడు మళ్ళీ ఆపి వెయ్యండి సార్. ఆయ్ అండీ. ఐదుసార్లు అదే. నలభై నిమిషాలు. ఆఖర్న ఆ అమ్మాయి, “మీ సమస్య పరిష్కారమైందా సార్?” అంది.

“ఆయ్. అయినట్టేననుకోవాలండి.”

టక్కున ఫోనుకి సందేశం వచ్చేసింది, మీ ఫిర్యాదు సంతృప్తికరంగా ముగిసింది అని. మళ్ళీ తెరవాలంటే రెండు రోజులు పడుతుందట. రెండు రోజులంటే గురువారమే!

“ఏం పరిష్కారమైందండీ? ఎక్కడైందో చూపించండి నాకు!” అని అరిచాను. వీధిలో వాళ్ళు తిరిగి చూశారు.

“ఆ పిల్ల గొంతు బాగా ఎండిపోయిందండి. కాదంటే పాపం ఆ కాగితం మళ్ళీ మొదట్నించీ చదవాలి. వారికి తెలిసింది అంతేనండి, అంతకన్నా వారి దగ్గర లేదు.”

“మరి నా సంగతి?”

“మీ సంగతి నేను చూస్తానండి.”

చూస్తారట! ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. మావారు ప్లాంటు షిఫ్టు నుంచి ఫోను చేసి, పెద్దాయన్ని ఎందుకలా తిడతావన్నారు. ఆయన్నీ తిట్టి ఫోను పెట్టేశాను.

బుధవారం అన్ని దారులూ మూసుకుపోయాయి. తన ల్యాప్‌టాప్ ఇస్తానన్న సహోద్యోగి, వాళ్ళబ్బాయికి పరీక్షుందని ఇవ్వలేదు. కాలేజీ ల్యాబులో సెమిస్టరు పరీక్షలు. ఫోన్లోనే కానిద్దామంటే యూనివర్సిటీ వాళ్ళు ఒప్పుకోరు, స్లైడ్లు చూపించడానికి ల్యాప్‌టాపే ఉండాలట. ఫోను నెట్‌ని వైరుతో ల్యాప్‌టాప్‌కి ఇద్దామంటే, కొబ్బరితోట వైపున్న మా ఇంట్లో సిగ్నలు రెండు గీతలు దాటదు. ఒకసారి ప్రయత్నిస్తే అవతల మా గైడుగారి మొహం నోరు తెరిచినట్టే ఆగిపోయింది.

సాయంత్రం ఆయన మళ్ళీ వచ్చారు. చేతిలో చుట్టగా చుట్టిన నెట్ కేబులు, జుట్టునిండా బూజు. వాళ్ళ అటక మీంచి తీశారట. “గాలితో పలకకపోతే పోనివ్వండి, తీగతో పలికిద్దాం. తీగకి ఏ ఆఫీసరుగారైనా ఒకటేనండి.” వరండాలో రౌటర్ దగ్గర మొదలెట్టి, తీగనంతా చేత్తో తడుముకుంటూ నా బల్ల దాకా వచ్చి ల్యాప్‌టాప్ పక్కనున్న రంధ్రంలో పెట్టారు. నెట్ వచ్చింది! మూడు రోజుల తర్వాత నా ప్రాణం లేచొచ్చింది. ఆయన చెయ్యి తీశారు. నెట్ పోయింది.

తీగ చివరనున్న ప్లాస్టిక్ కొక్కెం విరిగిపోయింది. పెట్టినది పట్టుకుంటేనే నిలుస్తుంది, వదిలితే జారుతుంది. రబ్బరు బ్యాండు వేశాం, అగ్గిపుల్ల దూర్చాం, టేపు చుట్టాం. కాసేపుండి జారిపోయేది. కొత్త కొక్కెం బిగించే పనిముట్టు ఆయన రిటైరైన రోజునే ఆఫీసులో అప్పగించేశారు. బజార్లో షాపువాడు ఆ రోజు షట్టరే ఎత్తలేదు.

“నేను పట్టుకుంటానండి” అన్నారాయన.

“గంటన్నరా?”

“ఆయ్.”

అప్పుడు నేనొక మాటన్నాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు చెయ్యి రావట్లేదు, అయినా రాస్తాను. “పట్టుకోండి మరి, చేసింది మీరేగా” అన్నాను.

గురువారం పదిన్నరకే వచ్చి బల్ల కింద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. నేను పట్టుచీర కట్టుకుని, తెరకి కనిపించేలా వెనకాల పుస్తకాలు పేర్చుకుని కూర్చున్నాను. నా మోకాలి పక్కన ఆయన తల. పైకెత్తిన కుడి చెయ్యి ల్యాప్‌టాప్ అంచున, బొటనవేలు, చూపుడువేలు కొక్కేనికి బదులు. మొదలెట్టాక మాటలు వాటంతటవే వచ్చాయి. ఎనిమిదేళ్ళుగా తోటల్లో వంగిన నడుము ఊరికే పోలేదు.

గరిక మీద ఎగ్జామినరు గట్టి ప్రశ్న వేశారు. సరిగ్గా నేను జవాబు మధ్యలో ఉండగా ఆయన చేతి మీద దోమ వాలింది. నాకు కనిపిస్తోంది. ఒక దోమ కాదు, మూడు. ఆయన విదిలించలేదు. నేను ఉండబట్టలేక ఒక చేత్తో తోలబోయాను.

“అక్కడ ఎవరైనా ఉన్నారా మేడం? మాటిమాటికీ కిందికి చూస్తున్నారు” అన్నారు ఎగ్జామినరు.

ఎవరో కింద కూర్చుని జవాబులు అందిస్తున్నారనుకుంటే అయిపోయానన్నమాటే. “నెట్ తీగ నిలవడం లేదు సార్. మా లైన్‌మన్‌గారు పట్టుకుని కూర్చున్నారు” అన్నాను.

“ఆయ్” అన్నారు బల్ల కిందనుంచి.

అవతల ముగ్గురూ పగలబడి నవ్వారు. నేను ల్యాప్‌టాప్ కొంచెం వంచి ఆయన చెయ్యి చూపించాల్సి వచ్చింది. తర్వాత ఇంకో నాలుగు ప్రశ్నలు. పన్నెండూ ముప్పైఐదుకి, కంగ్రాచ్యులేషన్స్ డాక్టర్ అన్నారు.

ఆయన బల్ల కిందనుంచి లేవడానికి చాలాసేపు పట్టింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. బొటనవేలి మీద ప్లాస్టిక్ అంచు లోతుగా దిగి, తెల్లటి గాడి పడింది. దాన్ని రెండో చేత్తో రుద్దుకుంటూ, “గరిక గురించి మీరు చెప్పింది బావుందండి. ఎంత పీకినా ఎందుకొస్తుందో నాకివాళ తెలిసింది” అన్నారు. నేను థాంక్స్ అన్నాను. ముక్తసరిగా, ముష్టి వేసినట్టు. కోపం ఇంకా పోలేదు మరి. మర్నాడు ఆయన చెప్పిన ఆ ‘వెనక్కి’ మీట నొక్కనిచ్చాను. నలభై నిమిషాల్లో పాత వ్యవస్థ, దాంతోపాటు వైఫై గుర్తు, అన్నీ వచ్చి చేరాయి. సోమవారమే అయిపోవాల్సిన పని.

ఉద్యోగం పర్మనెంటు అయింది. స్వీట్లు ఇచ్చినప్పుడు కూడా, “ఇంకెప్పుడూ ఎవరి ల్యాప్‌టాపులోనూ ఏదీ నొక్కకండి బాబాయిగారూ” అని నవ్వుతూనే అన్నాను. ఆయన ఆయ్ అన్నారు. ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఇంటికెవరైనా వస్తే అదొక కథలా చెప్పేదాన్ని, ఆయన ఎదురుగానే. కిందటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. ఆ రోజు కూడా జేబులో టెస్టర్ ఉంది.

సరే, మంగళవారానికి వస్తాను. పిన్నిగారి రౌటర్ దగ్గరికి వెళ్ళాను. చివర్నుంచి తీగ తడుముకుంటూ వచ్చాను, ఆయనలాగే. ప్లగ్గు వదులై, అది మొదటికి వెళ్ళిపోయి పాస్‌వర్డ్ అడుగుతోంది. “ఆయన పుస్తకాల్లో రాసే ఉంటారమ్మా” అని పిన్నిగారు ఒక సంచీ తెచ్చి ముందు పెట్టారు. నోటుపుస్తకాలు. నేను తిప్పుతూ వెళ్ళాను. వీధిలో ప్రతి ఇల్లూ ఉంది. ఎలుక, తుప్పు, గాలివాన. మధ్యలో నా పేజీ వచ్చింది.

ఫిర్యాదు: ఎదురింటి అమ్మాయిగారి ల్యాప్‌టాప్, వైఫై లేదు.

చూసినది: కొత్త వ్యవస్థ ఎక్కించమని మీట నొక్కిన సమయం, ఆదివారం మధ్యాహ్నం 3.10.

శనివారం కాదు. ఆదివారం.

ఆదివారం ఆయనా పిన్నిగారూ పొద్దున్నే రాజోలు వెళ్ళారు, వాళ్ళ మనవడి బాప్తిస్మానికి. రాత్రి తొమ్మిదికి వచ్చారు, కేకు ముక్క కూడా తెచ్చిచ్చారు నాకు. మరి మూడూ పదికి నా ఇంట్లో ఎవరున్నారు? నేనున్నాను. స్లైడ్లు దిద్దుకుంటున్నాను. కాలేజీలో ఒకరింటి పెళ్ళి విందుకి టైమైపోతోంది. ఒక డబ్బా మాటిమాటికీ స్లైడుకి అడ్డొస్తోంది. మూడుసార్లు పక్కకి నెట్టాను. నాలుగోసారి ఏం రాసుందో చదవకుండా, దొరికిన మీట నొక్కి, మూత మూసి చీర మార్చుకోవడానికి వెళ్ళిపోయాను. ఇదంతా ఇప్పుడు, ఆ 3.10 చూశాక, ఒక్కొక్కటీ కళ్ళముందుకొచ్చింది. నేనడిగేసరికే ఆయన పుస్తకంలో ఆ సమయం రాసి ఉంది. అది చూసుకునే కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

చేసినది అన్న గడి నిండా ఉంది. తీగ, దోమలతో సహా. తప్పు అన్న గడి ఖాళీ. ఆ పుస్తకాలన్నిటిలోనూ నేను చూసినంతలో ఖాళీగా ఉన్నది అదొక్కటే.

“పిన్నిగారూ, ఇది మీకు తెలుసా?” అని పేజీ ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ పేజీ వంక చూసి, నా వంక చూశారు. “తెలుసమ్మా. ఆ రోజే చెప్పేరు. మీరు కాదని చెప్పొచ్చు కదండీ అన్నాను. ‘గురువారమే పరీక్ష ఆవిడకి. ఇప్పుడు తన తప్పే అని తెలిస్తే కాళ్ళూ చేతులూ ఆడవు. నా మీద కోపంగా ఉంటే గట్టిగా చదువుతారు’ అన్నారు.”

“తర్వాతైనా చెప్పొచ్చు కదండీ! ఇన్నేళ్ళు అందరి ముందూ అంటూనే ఉన్నాను కదా! ఒక్కసారి, ఒక్కసారి ‘కాదండీ, నేను కాదు’ అంటే ఏం పోయింది ఆయన సొమ్ము?” ఏడుస్తూ అరుస్తున్నాను. ఎవరి మీద అరుస్తున్నానో ఆవిడకి తెలుసు, అందుకే ఏమీ అనుకోలేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు.

కాసేపయ్యాక, అక్కడే పడున్న ఆయన పెన్ను తీసుకున్నాను. ఆ గడిలో నా పేరు రాద్దామనుకున్నాను. మా వైపు అంతే, తప్పయితే తప్పని రాసేస్తాం.

పిన్నిగారు నా చేతిలోంచి పెన్ను మెల్లగా తీసేసుకున్నారు. “వద్దమ్మా. ఆయన రాయనిది నువ్వెందుకు రాయడం. అలా ఉండనీ” అన్నారు.

వాదించాలనే నోరు తెరిచాను.

“ఆయ్” అన్నాను.